అమ్మ శనివారం ఒక్కపొద్దు, షుగర్ గోళీ: రెండూ ఎట్లా?

తమ్మీ, మీ అమ్మ శనివారం షుగర్ గోళీ వేసుకొని రాత్రి దాకా మంచినీళ్లతోనే ఉంటున్నదని, పోయిన వారం కళ్లు తిరిగి కూలబడిందని రాశావు. తింటే మన్యంకొండ స్వామి మొక్కు తప్పుతుందని ఆమె భయం.

ఒక్కపొద్దు అంటే ఒక పూట భోజనం, కటిక ఉపవాసం కాదు. రెండో పూట పలారం తినొచ్చు. మా పాలమూరులో చాలా ఇళ్లలో చేసేది ఇదే. మా అమ్మ అయితే భోజనాన్నే మధ్యాహ్నానికి మార్చుకుంది. పొద్దున పాలు, జామపండు, రాత్రి ఒక జొన్నరొట్టె. సగ్గుబియ్యం ఉప్మా మాత్రం వద్దు, ఉపవాసం పేరుతో తినే ఆ ఉప్మానే షుగర్‌ను గబుక్కున పెంచుతుంది.

అసలు చూడాల్సింది గోళీ. గ్లిమిపిరైడ్ లాంటిది, లేదా ఇన్సులిన్, తిండి లేకపోయినా షుగర్‌ను దించుతూనే ఉంటుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఆ ప్రమాదం తక్కువ. చీటీ తీసుకొని డాక్టర్ దగ్గరికి పో, శనివారం మోతాదు, టైము ఆయననే అడుగు. మీ అంతట మీరు ఆపొద్దు.

చెమటలు, వణుకు వస్తే వెంటనే షుగర్ చూడండి. 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. మిషన్ లేకపోతే చూసేదాకా ఆగొద్దు, ముందు చక్కెర నీళ్లు ఇచ్చేయండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

నీ మాట వినకపోతే గుడి పూజారితో చెప్పించు. మా ఇంట్లో పని చేసింది అదే!