వాహన సందేహాలు: కొత్త పికప్‌కు ఏ ఇంజిన్ ఆయిల్?

ప్రశ్న: నేను ఇటీవల ఒక డీజిల్ పికప్ ట్రక్కు కొన్నాను. వారంలో నాలుగైదు రోజులు నిండా బరువుతో తిరుగుతుంది. బండితో ఇచ్చిన పుస్తకంలో 5డబ్ల్యూ-30 ఆయిల్ వాడాలని, దానికి ఏసీఈఏ (యూరప్ వాహన తయారీదారుల సంఘం) వారి సీ3 ప్రమాణం ఉండాలని రాశారు. నా పాత బండిని పన్నెండేళ్లు చూసుకున్న మెకానిక్ మాత్రం, ‘అంత పలచటి ఆయిల్ బరువు మోసే బండికి ఆగదు, 15డబ్ల్యూ-40 పోయించండి’ అంటున్నారు. ఆయన పనితనం మీద నాకు గురి ఉంది. ఎవరి మాట వినాలి?

జవాబు: పుస్తకం మాటే వినండి. అయితే మీ మెకానిక్ గారిది తీసిపారేయదగిన మాట కాదు. పాత డీజిల్ ఇంజిన్ల మీద చేయి తిరిగిన వారెవరైనా అలాగే అంటారు, ఆ ఇంజిన్ల వరకు అది సరైన సలహాయే. అందువల్ల ఆయన అనుమానానికి జవాబు చెప్పకుండా ‘పుస్తకం అలా రాసింది’ అని ఊరుకోవడం న్యాయం కాదు.

ముందుగా అంకెల సంగతి చూద్దాం. 5డబ్ల్యూలోని డబ్ల్యూ వింటర్ అనే మాటకు గుర్తు. చలిలో స్టార్టర్ ఇంజిన్‌ను తిప్పుతున్నప్పుడు ఆయిల్ ఎంత అడ్డుపడుతుందో ఆ అంకె చెబుతుంది. 5డబ్ల్యూ రకాన్ని మైనస్ 30 డిగ్రీల సెల్సియస్ వద్ద, 15డబ్ల్యూ రకాన్ని మైనస్ 20 డిగ్రీల వద్ద పరీక్షిస్తారు. రెండో అంకె 100 డిగ్రీల వద్ద, అంటే ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, ఆయిల్‌కు ఉండే చిక్కదనాన్ని సూచిస్తుంది. మంచు కురవని చోట మొదటి అంకెతో పనిలేదని చాలామంది అనుకుంటారు కానీ అది పొరపాటు. 40 డిగ్రీల వద్ద మామూలు 15డబ్ల్యూ-40 చిక్కదనం సుమారు 110 సెంటీస్టోక్స్ ఉంటే, 5డబ్ల్యూ-30 చిక్కదనం 70కి అటూ ఇటూగా ఉంటుంది. ఎండాకాలం ఉదయం తాళం తిప్పినా సరే, రాత్రంతా ఆగి ఉన్న ఇంజిన్‌లో టర్బో బేరింగుకు, కామ్‌షాఫ్టుకు ముందుగా చేరేది ఆ పలచటి ఆయిలే.

ఇక అసలు ప్రశ్న, బరువు మోసేటప్పుడు ఆ ఆయిల్ ఆగుతుందా అన్నది. బేరింగుకు, షాఫ్టుకు మధ్య ఆయిల్ పొర నలిగిపోకుండా నిలుస్తుందో లేదో 100 డిగ్రీల చిక్కదనం ఒక్కటే చెప్పలేదు. అందుకు వేరే పరీక్ష ఉంది. ఆయిల్‌ను 150 డిగ్రీల వేడి వద్ద, సన్నటి సందులో అతివేగంగా నలుపుతూ, ఆ స్థితిలో మిగిలే చిక్కదనాన్ని మిల్లీపాస్కల్ సెకన్లలో కొలుస్తారు. కొండదారిలో నిండు బరువుతో ఎక్కుతున్నప్పుడు బేరింగులలో జరిగేది దాదాపు ఇదే. మామూలు పెట్రోలు కార్లకు పోసే 5డబ్ల్యూ-30లో ఈ కొలత కనీసం 2.9 ఉంటే చాలు. ఏసీఈఏ సీ3 ముద్ర కావాలంటే మాత్రం, గ్రేడు అదే 5డబ్ల్యూ-30 అయినా, కనీసం 3.5 ఉండి తీరాలి. 5డబ్ల్యూ-40 గ్రేడుకు నిర్ణయించిన కనీస కొలత కూడా ఆ 3.5 మాత్రమే, 15డబ్ల్యూ-40కి 3.7. కాబట్టి మీ పుస్తకం అడుగుతున్న ఆయిల్ పేరుకు ముప్పై అయినా, బరువు కింద నిలిచే శక్తిలో నలభైకి దగ్గరి చుట్టమే. ఈ ఒక్క లెక్క మీ మెకానిక్ గారికి చూపండి, ఆయన అభ్యంతరం చాలావరకు తీరుతుంది.

ఇదే లెక్కను తిరగేసి చూస్తే ఇంకో హెచ్చరిక కనిపిస్తుంది. డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని కనబడింది కదా అని ఏదో ఒకటి తెచ్చి పోయడం కూడా తప్పే. గ్రేడు ఒకటే అయినా ప్రమాణం వేరైతే అది వేరే ఆయిల్ కిందే లెక్క. గ్రేడు గురించి గంటలు వాదించుకుని, ప్రమాణం గురించి ఒక్క మాటైనా అడగకుండా డబ్బా కొనేవాళ్లే ఎక్కువని నా అనుభవం.

చిక్కదనం కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది బూడిద. మీ కొత్త బండి పొగగొట్టంలో మసిని పట్టే డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్ తప్పక ఉండి ఉంటుంది, ఎందుకంటే సీ3 ప్రమాణాన్ని అడిగేదే అలాంటి ఇంజిన్లకు. ఫిల్టర్‌లో చేరిన మసిని ఇంజిన్ అప్పుడప్పుడు సుమారు 600 డిగ్రీల వేడితో కాల్చేస్తుంది. కానీ ఆయిల్‌లో కలిపే కాల్షియం, మెగ్నీషియం, జింకు వంటి లోహాల రసాయనాలు మండినప్పుడు మిగిలే బూడిద ఇక కాలదు, ఫిల్టర్‌లోనే పేరుకుపోతుంది. సీ3 ఆయిల్‌లో ఈ బూడిద 0.8 శాతం మించకూడదు. పాత సీఐ-4 అనే అమెరికన్ తరగతికి చెందిన 15డబ్ల్యూ-40 ఆయిళ్లకు అటువంటి హద్దు లేదు, వాటిలో 1.4 శాతం ఉన్నవి మామూలే. ఇంజిన్ 10,000 కిలోమీటర్లకు ఒక లీటరు ఆయిల్ తాగుతుందనుకుందాం. లీటరు ఆయిల్ బరువు సుమారు 850 గ్రాములు, అంటే లక్ష కిలోమీటర్లు తిరిగేసరికి మొదటి రకంతో 68 గ్రాముల బూడిద పుడుతుంది, రెండో రకంతో దాదాపు 120 గ్రాములు. అదంతా ఫిల్టర్‌కు చేరకపోవచ్చు గానీ, తేడా ఎంతో అర్థమవుతుంది. ఫిల్టర్ నిండే కొద్దీ మైలేజీ తగ్గుతుంది, ఇంజిన్ లాగుడు మందగిస్తుంది, చివరికి ఫిల్టర్ మార్చవలసి వస్తుంది. పాత బండికి ఈ ఫిల్టరే లేదు కనుక ఆ ఆయిల్‌తో దానికి ఏ హానీ కలగలేదు.

పుస్తకంలో ఏసీఈఏ బదులు అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వారి ఏపీఐ సీకే-4 ప్రమాణం అడిగిన పాఠకులూ ఉంటారు. 2016 చివర్లో వచ్చిన ఈ తరగతిలో బూడిదకు 1 శాతం హద్దు ఉంది. దానితోపాటే ఎఫ్‌ఏ-4 అనే మరో తరగతి వచ్చింది. అది వేడిలో మరింత పలచగా ఉండేలా చేసినది కాబట్టి, పుస్తకం పేరుపెట్టి అడిగితే తప్ప పోయకూడదు. తయారీదారు సొంత ప్రమాణం ఏదైనా రాసి ఉంటే దానిదే పైచేయి. ఫోర్డ్ సంస్థ సీకే-4 ఆయిళ్లలో ఫాస్ఫరస్ తగ్గినవి తన డీజిల్ పికప్ ఇంజిన్లకు వద్దని చెప్పి, ఫాస్ఫరస్ కనీసం 1,000 పీపీఎం (పది లక్షల భాగాలలో వెయ్యి) ఉండాలనే సొంత ప్రమాణాన్ని పెట్టింది. సీకే-4 ముద్ర ఒక్కటి చూసి కొన్నవారికి ఈ తేడా కనిపించదు.

కొనేటప్పుడు డబ్బా ముందువైపు మెరిసే అక్షరాలను వదిలి వెనక్కి తిప్పండి. సన్నటి అక్షరాలలో ప్రమాణాల వరుస ఉంటుంది. అందులో మీ పుస్తకంలోని కోడు అక్షరం, అంకె తేడా లేకుండా కనబడాలి. తయారీదారు ‘అప్రూవల్’ ఇచ్చినట్లు ఉంటే ఆ సంస్థ పరీక్షించి ఒప్పుకుందని అర్థం. ‘రికమెండెడ్’ అని మాత్రమే ఉంటే అది ఆయిల్ కంపెనీ తనంతట తాను చెప్పుకునే మాట. కోడు సరిపోయినప్పుడు బ్రాండు ఏదైనా ఫరవాలేదు. వారంటీ ఉన్నన్నాళ్లు బిల్లు మాత్రం పారేయకండి.

ప్రశ్న: కొన్న నాలుగు నెలలకు డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ తగ్గడానికి బదులు పై గీత దాటి పెరిగింది. మా బండి ఎక్కువగా దగ్గరి దూరాలే తిరుగుతుంది. ఆయిల్ పెరగడం ఏమిటి?

జవాబు: పెరిగింది ఆయిల్ కాదు, చాలావరకు డీజిల్ అయి ఉంటుంది. ఫిల్టర్‌లోని మసిని కాల్చడానికి అనేక ఇంజిన్లు పేలుడు అయిపోయాక సిలిండర్‌లోకి మరికొంత డీజిల్ చిమ్ముతాయి. అందులో కొంత గోడల వెంట జారి, రింగులు దాటి, కింది ఆయిల్‌లో కలుస్తుంది. దూరప్రయాణాలలో ఆ మసి కాల్చే శుద్ధి ఒకసారి మొదలైతే పూర్తవుతుంది, కలిసిన డీజిల్ కూడా వేడికి కొంత ఆవిరైపోతుంది. మీలాగా పది నిమిషాలకొకసారి ఇంజిన్ ఆపేస్తే శుద్ధి సగంలో ఆగి మళ్లీ మొదలవుతుంది, ప్రతిసారీ కొంత డీజిల్ కిందికి దిగుతుంది.

బండిని సమతలంలో ఆపి, పది నిమిషాలు ఆగి, కడ్డీని ఒకసారి తుడిచి మళ్లీ ముంచి చూడండి. ఆ చుక్కను వేళ్ల మధ్య రుద్ది వాసన చూడండి. డీజిల్ వాసన గుప్పుమని, జిగట లేకుండా నీళ్లలా జారుతుంటే అనుమానం అక్కరలేదు. పాలు కలిపినట్లు తెల్లబారి ఉంటే అది కూలెంట్ కావచ్చు, అప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేయకుండా మెకానిక్‌ను పిలిపించండి. రంగు నల్లగా ఉండటం మాత్రం డీజిల్ ఇంజిన్‌లో సహజమే, మసిని పట్టి ఉంచడం ఆయిల్ చేయవలసిన పనే. పై గీత దాటిన ఆయిల్‌తో బండి నడపవద్దు. క్రాంక్‌షాఫ్టు దాన్ని చిలికి నురుగు చేస్తుంది, శ్వాసగొట్టం (బ్రీదర్) గుండా ఇంజిన్‌లోకి పోతే ఇంజిన్ తనంతట తానే పరుగెత్తే ప్రమాదమూ ఉంది. ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ వెంటనే మార్పించండి. ఆ తరువాత శుద్ధి లైటు వెలిగినప్పుడల్లా పుస్తకంలో చెప్పిన వేగంతో, అది ఆరేవరకు ఆపకుండా నడపండి.

ప్రశ్న: మాది టర్బో ఉన్న పెట్రోలు పికప్. డీజిల్ ఆయిల్ ఇంకా గట్టిదని అదే పోయవచ్చా?

జవాబు: వద్దు. నేరుగా సిలిండర్‌లోకి పెట్రోలు చిమ్మే టర్బో ఇంజిన్లలో, తక్కువ వేగంలో బరువు లాగేటప్పుడు స్పార్కు రాకముందే మిశ్రమం అంటుకునే జబ్బు ఉంది. అది పిస్టన్‌ను పగలగొట్టగలదు. ఆయిల్‌లో కాల్షియం ఎక్కువైతే ఈ జబ్బు ముదురుతుంది, డీజిల్ ఆయిళ్లలో చాలావాటికి కాల్షియమే ఆధారం. 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ తరగతిలో దీనికి ప్రత్యేక పరీక్ష ఉంది. పుస్తకం చెప్పిన గ్రేడులో ఎస్‌పీ గానీ, 2025లో వచ్చిన ఎస్‌క్యూ గానీ తీసుకోండి.

ప్రశ్న: పూర్తి సింథటిక్ పోయిస్తే ఆయిల్ మార్చే గడువును రెట్టింపు చేసుకోవచ్చా?

జవాబు: గడువును నిర్ణయించేది ఇంజిన్, దాని చేత మనం చేయించే పని. సింథటిక్ వేడికి ఆలస్యంగా పాడవుతుందన్నది నిజమే కానీ మసి, డీజిల్, దుమ్ము అందులో కూడా అంతే చేరతాయి. పైగా నిండు బరువు, ట్రెయిలర్ లాగుడు, దుమ్ముదారులు, ఎక్కువసేపు ఆగిన చోటే ఇంజిన్ నడపడం, ఇవన్నీ పుస్తకం చివర ‘కఠిన వినియోగం’ కింద వస్తాయి. ఆ పట్టికలోని గడువు మామూలు గడువు కన్నా చిన్నది. పికప్ కొన్నవారిలో ఎక్కువమంది చూడవలసింది ఆ పట్టికనే.