అందరి కథల్లోకీ వచ్చే దేశదిమ్మరి: ముడి వెయ్యనివ్వండి, విప్పనివ్వకండి

ప్రశ్న క్లుప్తంగా ఇది: శ్రీకాకుళం వాళ్లు ఇద్దరు, విజయనగరం వాళ్లు ఇద్దరు కలిసి ఒకే కల్పిత లోకంలో విడివిడిగా కథలు రాస్తున్నారు. జముకు అనే వాయిద్యం భుజాన వేసుకున్న ఒక దేశదిమ్మరి అందరి కథల్లోకీ వస్తాడు. మూడు కథలయ్యేసరికి లెక్కలు తప్పాయి. మొదటి కథలో వాడికి కుడికన్ను లేదు, మూడో కథలో రెండూ ఉన్నాయి. రెండో కథలోనూ మూడో కథలోనూ ఒకే కార్తీక పౌర్ణమి రాత్రి రేవులో ఒకడు, కొండకింద కోటలో ఒకడు, ఇద్దరూ వాడే. పైగా చదివేవాళ్లు "వీడెవడో చెప్పేయండి" అని అడుగుతున్నారు. ఏం చెయ్యాలి?

చదివేవాళ్లకి ఇప్పుడే చెప్పొద్దు. కానీ మీ నలుగురికీ మాత్రం తెలిసి తీరాలి. వాడెవడో రాసేవాళ్లే తేల్చుకోలేదని మీ తేడాలు చూస్తేనే అర్థమవుతోంది. "తర్వాత చూద్దాంలే" అని వదిలేసిన రహస్యం నాలుగో కథకల్లా బయటపడిపోతుంది. ఒకరు వాడు దేవుడన్నట్టు సూచనలిస్తారు, ఇంకొకరు దొంగన్నట్టు ఇస్తారు, రెండూ ఎక్కడా కలవవు. కాబట్టి ముందు నలుగురూ ఒకచోట కూర్చుని ఒక కాగితం మీద ఐదు వాక్యాలు రాయండి. ఎందుకు తిరుగుతున్నాడు. ఏం వెతుకుతున్నాడు. ఏ పని చెయ్యలేడు. వయసు పెరుగుతుందా, పెరగదా. ఆఖరికి ఏమవుతాడు. ఒక్కోదానికి ఒక్క వాక్యం చాలు, పేజీలు రాస్తే మళ్లీ నలుగురూ నాలుగు రకాలుగా చదువుకుంటారు.

ఇందులో మొదటి వాక్యానికి మనకి నారదుణ్ణి మించిన నమూనా లేదు. ఎన్ని చేతులు రాసిన పాత్రో చూడండి. వాల్మీకి రామాయణం మొదటి సర్గలో వాల్మీకి అడిగితే రామకథ సంగ్రహంగా చెప్పేది ఆయనే. భారతం సభాపర్వంలో మయసభకి వచ్చి, రాజ్యం ఎలా ఏలుతున్నావని ధర్మరాజుని వరసపెట్టి ప్రశ్నలడిగేదీ ఆయనే. భాగవతంలో ఇల్లు విడిచి వచ్చేసిన ధ్రువుడికి మంత్రం చెప్పేదీ ఆయనే. ఇన్ని గ్రంథాల్లో తిరిగినా "ఈయన ఇక్కడికెందుకొచ్చాడు" అని ఎవరూ అడగరు. దానికి కారణం భాగవతం ఆరో స్కంధంలో ఉంది. తన కొడుకులు హర్యశ్వుల్నీ, తర్వాత శబళాశ్వుల్నీ సంసారంలో పడకుండా దారి మళ్లించాడన్న కోపంతో దక్షుడు నారదుణ్ణి శపిస్తాడు: లోకాలన్నీ తిరుగుతూనే ఉండు, నీకు కాలు నిలిచే చోటు ఉండకూడదని. ఆ ఒక్క శాపం ఎన్ని రాకపోకలకైనా సరిపోతుంది. మీ వాడికీ అంత పొట్టి కారణం ఒకటి కావాలి. ఆదిభట్ల నారాయణదాసు హరికథ చెప్పిన విజయనగరంలో ఉంటూ నారదుణ్ణి గమనించకుండా ఈ పాత్ర రాయడం నాకైతే నష్టమే అనిపిస్తుంది.

నారదుడి దగ్గర నేర్చుకోవలసింది ఇంకొకటుంది. నంది తిమ్మన పారిజాతాపహరణంలో ఆయన తెచ్చేది ఒక్క పువ్వు. అది కృష్ణుడి చేతిలో పెడతాడు, కృష్ణుడు రుక్మిణికిస్తాడు, ఆ కబురు సత్యభామకి చేరుతుంది. ఇక కథంతా సత్య కోపానిదీ కృష్ణుడి తంటాలదీ. నారదుడు ముడి వేశాడు, విప్పుకునే బాధ వాళ్లదే. మీ దేశదిమ్మరికి కూడా ఇదే హద్దు పెట్టండి. ఒక వస్తువు తేవచ్చు, ఒక కబురు మొయ్యొచ్చు, ఒక అబద్ధం చెప్పొచ్చు. కథానాయకుడి కష్టాన్ని మాత్రం వాడు తీర్చకూడదు. ఒక్కసారి తీర్చాడంటే తర్వాతి కథ చదివేవాళ్లు వాడి కోసమే ఎదురుచూస్తూ కూర్చుంటారు, నాయిక ఏం చేస్తోందో పట్టించుకోరు.

ఈ కాలపు ఫాంటసీలో ఇలాంటి పాత్ర గురించి అడిగితే ఎక్కువమంది చెప్పే పేరు హోయిడ్. అమెరికన్ రచయిత బ్రాండన్ శాండర్సన్ తన నవలల్లో చాలావాటిని కాస్మియర్ అనే ఒకే విశ్వంలో పెట్టి, ఇతణ్ణి ఒక లోకం నుంచి ఇంకో లోకానికి తిప్పుతాడు. 2005లో వచ్చిన 'ఎలాంట్రిస్'లో బిచ్చగాడు. 2006 నాటి మొదటి 'మిస్ట్‌బార్న్' నవలలో కబుర్లు అమ్మే బిచ్చగాడు. 2009 నాటి 'వార్‌బ్రేకర్'లో కథలు చెప్పేవాడు. 2010 నాటి 'ద వే ఆఫ్ కింగ్స్'లో రాజుగారి కొలువులో విదూషకుడు. 2023లో వచ్చిన 'ట్రెస్ ఆఫ్ ది ఎమరాల్డ్ సీ' కథనైతే మొత్తం అతనే చెబుతాడు. అంటే పాఠకుడికి అతని గొంతు పూర్తిగా వినపడటానికి పద్దెనిమిదేళ్లు పట్టింది. మీకు నేర్పేది మాత్రం 2008 నాటి 'ద హీరో ఆఫ్ ఏజెస్'లో ఉంది. నాయిక విన్ కబురు కోసం ఇతని దగ్గరికి బయల్దేరుతుంది, తీరా దూరం నుంచి చూశాక ఏదో తేడాగా అనిపించి కలవకుండానే వెనక్కి తిరుగుతుంది. మాట లేదు, పలుకు లేదు. అయినా ఆ పుస్తకంలో అతను ఉన్నట్టే. ప్రతి కథలోనూ వాడిచేత మాట్లాడించాలని ఎక్కడా లేదు. ఇంకో సంగతి, తర్వాతి నవలల్లో తెలిసేది: హోయిడ్ ఎవరి ఒంటి మీదా చెయ్యి చేసుకోలేడు. అన్నీ తెలిసినవాడు యుద్ధం ఎందుకు ఆపడు అన్న ప్రశ్నకి ఆ లోపమే కొంత జవాబిస్తుంది. మీ కాగితం మీద మూడో వాక్యం, "ఏ పని చెయ్యలేడు" అన్నది, అందుకే ఖాళీగా వదలొద్దు.

ఇప్పుడు వాడి రాకపోకల పద్దు సంగతి. ఒక లాంగ్ నోట్‌బుక్ గానీ, నలుగురూ తెరవగలిగే షీట్ గానీ పెట్టుకోండి. గడులు ఇవి: కథ పేరు, లోకంలో సంవత్సరం, మాసం, తిథి, ఊరు, చెప్పుకున్న పేరు, వేషం, తెచ్చింది, పట్టుకెళ్లింది, చెప్పిన నిజం, చెప్పిన అబద్ధం, గుర్తుపట్టినవాళ్లు. అబద్ధం గడి చాలామంది పెట్టరు, నాలుగు కథలయ్యాక ఏది అబద్ధమో రాసినవాళ్లే మర్చిపోతారు. పద్దు నింపే బాధ్యత ఒక్కరికే ఇవ్వండి. మిగతావాళ్లు కథ అచ్చుకి పోయే ముందు ఆ మనిషికి వరస చెప్పాలి.

తిథి గడితో పాటు నడక లెక్క కూడా వెయ్యాలి. మూట మోసుకుని రోజూ నడిచేవాడికి రోజుకి 25 కిలోమీటర్లు వేసుకోండి. శ్రీకాకుళం నుంచి విజయనగరం ఇప్పటి రోడ్డు మీద సుమారు 70 కిలోమీటర్లు, అంటే కాలినడకన మూడు రోజులు, మధ్యలో నాగావళి దాటాలి. వంతెన లేని లోకమైతే పడవ కోసం ఒక రోజు కలపండి, ఏరు పొంగితే రెండు. మీ పటం కొలత ఇలాంటి తెలిసిన దూరానికి కట్టుకుంటే నలుగురికీ చేతికి అందుతుంది.

గుర్తులు మూడు చాలు. కంటికి కనిపించేది ఒకటి, చెవికి వినిపించేది ఒకటి, అలవాటు ఒకటి. ఒక్కో రాకలో వాటిలో రెండే వాడండి, ఏ రెండన్నది మార్చండి. మూడూ ప్రతిసారీ దింపితే తెరమీదకి హీరో వచ్చినట్టుంటుంది. జముకు మీరు మంచి ఎంపిక చేశారు, దాన్ని ఇంకా దగ్గరగా చూడండి. గుండ్రటి డొల్ల, ఒక వైపు తోలు, ఆ తోలు మధ్యలోంచి తీగ. తీగ చివర పట్టుకుని లాగి బిగిస్తూ, వదులుతూ మీటితే శబ్దం సాగుతుంది, కుంగుతుంది. చెమ్మకి తోలు వదులవుతుంది, సెగ చూపిస్తే బిగుస్తుంది. కాబట్టి వానాకాలంలో వాడు ఎవరి పొయ్యి దగ్గరికైనా వెళ్లి కూర్చోవడానికి కారణం చేతిలోనే ఉంది. ఇలా:

వాన వెలిసింది గానీ ఏరు తగ్గలేదు. రేవు పాకలో పడవవాడి పొయ్యి దగ్గర ఎవరో ముసలాడు జముకుని సెగకి పట్టి నెమ్మదిగా తిప్పుతున్నాడు. మధ్యమధ్య తోలు మీద గోరుతో కొట్టి చెవి ఒగ్గుతున్నాడు.

"ఏటి బావూ, తెల్లారితే పడవ ఏస్తావా?"

"ఏరు సూసినావా? రెండ్రోజులు ఆగాల."

"నానాగుతాను. ఆ గుంటే ఆగదు," అన్నాడు, పాక మూల కూర్చున్న పిల్ల వైపు చూడకుండానే. మళ్లీ గోరుతో కొట్టాడు. ఈసారి గుమ్మంది.

ఇంతే. ఇందులో ఎవరూ వాణ్ణి చూసి నివ్వెరపోలేదు, గాలి స్తంభించలేదు, కళ్లలో వేల ఏళ్ల లోతు లేదు. పడవవాడికి వాడొక ముసలాడు. కానీ ఆ పిల్ల సంగతి వాడికెలా తెలుసు అన్నది చదివినవాడి మనసులో మిగిలిపోతుంది, ఆ పిల్ల ఆ రాత్రే ఏట్లో దిగడానికి ఆ మాట సరిపోతుంది. మొదటిసారి చదివేవాడికి వాడు రేపొచ్చే కథలో ఉంటాడని తెలియకపోయినా ఏ నష్టమూ ఉండకూడదు.

యాస గురించి ఒక మాట. నలుగురు రాస్తే వాడు నాలుగు రకాలుగా మాట్లాడతాడు. పది పదిహేను మాటల పట్టిక వేసుకోండి: "ఏటి" అంటాడా "ఏమిటి" అంటాడా, "నాను" అంటాడా "నేను" అంటాడా. ఏ ఊరెళ్తే ఆ ఊరి యాస పట్టుకునేవాడైతే ఇంకా బాగుంటుంది, అప్పుడు ఎక్కడా మారని మాట ఒక్కటి ఇవ్వండి. ఏ రాజ్యం నాణెం చేతిలో పెట్టినా "దుడ్డు" అంటాడనుకోండి, పేరు చెప్పకపోయినా ఆ ఒక్క మాటతో వాణ్ణి పట్టేస్తారు.

కొలతలు: మూడు వేల మాటల కథలో వాడికి 200 నుంచి 300 మాటలు, రెండు రాకలకి మించకుండా. మొదటి రాక కథ సగం కాకముందే. ఆఖరి దృశ్యం వాడిది కాకూడదు. పది కథల వరసలో ఆరింట్లో మనిషి కనిపించాలి, రెండింట్లో జాడ మాత్రమే ఉండాలి (ఎవరో వాడి పాట కూనిరాగం తీస్తారు, కుదువ పెట్టిన జముకు కోమటి కొట్టులో వేలాడుతుంది), రెండింట్లో అసలు ఉండకూడదు. ఆ ఖాళీ కథలే కొత్తవాళ్లు రాయడానికి భయపడతారు. వదలకండి. వాడు ఎప్పుడొస్తాడో తెలియకపోతేనే వచ్చినప్పుడు విలువ.

పలువురు రాసే లోకానికి ఒక పాత కట్టుబాటు కూడా ఉంది. 1979లో రాబర్ట్ ఆస్ప్రిన్ సంపాదకత్వంలో మొదలైన 'థీవ్స్ వరల్డ్' సంకలనాల్లో చాలామంది రచయితలు ఒకే ఊరు పంచుకున్నారు. ఒకరి పాత్రని ఇంకొకరు వాడుకోవచ్చు, చంపకూడదు, చెప్పుకోదగ్గంతగా మార్చకూడదు అన్నది వాళ్ల ఒప్పందం. మీ దేశదిమ్మరి నలుగురిదీ కాబట్టి ఇది ఇంకా గట్టిగా పాటించాలి. చెయ్యి విరగ్గొట్టడం, పెళ్లి చెయ్యడం, గతం చెప్పించడం, ఈ మూడింటికీ నలుగురి ఒప్పుకోలూ కావాలి.

ఇక మీ పాత తప్పులు. వచ్చేసిన కథల్ని మొత్తం తిరగరాయక్కర్లేదు.

కన్ను సంగతి: ఏ కథ ముందు జరిగిందో లోక సంవత్సరం చూడండి. రెండు కళ్లున్న కథ ముందుదైతే అది తప్పే కాదు, మధ్యలో కన్ను పోయింది, ఎలా పోయిందన్నది ఇంకా రాయని మంచి కథ. వెనకదైతే "కుడికన్ను లేదు" అన్న వాక్యం ఎవరిదో చూడండి. కథ చెప్పే గొంతు ఆ మాట అంటే అది నిజం, ఒక పాత్ర ఆ మాట అంటే అది ఆ పాత్ర నమ్మకం. ఆ వాక్యాన్ని ఎవరో ఒక కాపలావాడి నోట్లో పెట్టి, కంటికి గుడ్డ కట్టుకుని ఉన్నాడని ఒక్క ముక్క కలిపితే సరిపోతుంది. పద్దులో అబద్ధం గడిలో రాసుకోండి.

పౌర్ణమిని మాత్రం ఏ అబద్ధమూ కాపాడలేదు, తిథి మార్చాల్సిందే. మీ పటంలో రేవుకీ కోటకీ 100 కిలోమీటర్లు అనుకుంటే నడక నాలుగు రోజులు, పడవ కోసం ఒకటి, మొత్తం ఐదు. రేవు దృశ్యం పౌర్ణమి నాడే ఉంచి, కోట దృశ్యాన్ని బహుళ పంచమికి జరపండి. అలా జరిపితే వెన్నెల కూడా సరిచెయ్యాలి. పౌర్ణమి చంద్రుడు పొద్దు వాలగానే వస్తాడు, తర్వాత రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాడు, పంచమి నాటికి రాత్రి తొమ్మిది దాటుతుంది. మీ మూడో కథలో దీపాలు పెట్టే వేళకే గోడ మీద జముకు నీడ పడింది. ఆ నీడని దివిటీ వెలుగుకి మార్చండి.