కొన్న ప్రోగ్రామ్‌కు కంపెనీ సపోర్టు ఆపేస్తే

ప్రశ్న: పదకొండేళ్ల క్రితం ‘జీవితకాల లైసెన్సు’ అన్న మాట చూసి, పుస్తకాల పేజీలు అమర్చే ఒక ప్రోగ్రామ్‌ను ఒకేసారి డబ్బు కట్టి కొన్నాను. ఇటీవల కొత్త కంప్యూటర్‌లో అదే సీడీ పెట్టి, అట్ట లోపలి సీరియల్ నంబరు కొడితే యాక్టివేషన్ సర్వర్ దొరకడం లేదంటోంది. కంపెనీకి రాస్తే, ఆ వెర్షన్‌కు సపోర్టు ముగిసిందనీ, నెలవారీ చందా కట్టి కొత్తది తీసుకోవాలనీ జవాబిచ్చారు. పాత కంప్యూటర్ అటక మీద ఉంది. సొమ్ము పెట్టి కొన్నది ఇలా పోవలసిందేనా?

జవాబు: కంపెనీవారు రెండు వేర్వేరు సంగతులను ఒకటిగా కలిపి మీకు జవాబిచ్చారు. సపోర్టు ముగియడమంటే లోపాలను సరిదిద్దే అప్‌డేట్లూ, సందేహాలకు సాయమూ ఆగిపోవడమే తప్ప ప్రోగ్రామ్ ఆగిపోవడం కాదు. విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న సపోర్టు ముగించినా, మర్నాడు ఆ కంప్యూటర్లు మామూలుగానే పనిచేశాయి. ఆఫీస్ 2016, 2019లకు 2025 అక్టోబర్ 14న గడువు తీరినా అవి కూడా ఆగిపోలేదు.

మిమ్మల్ని అడ్డుకున్నది యాక్టివేషన్. కంప్యూటర్‌లోని భాగాల వివరాలతో ప్రోగ్రామ్ ఒక గుర్తును తయారుచేసి, సీరియల్ నంబరుతో పాటు కంపెనీ సర్వర్‌కు పంపుతుంది. అక్కడి నుంచి అనుమతి వస్తేనే పని మొదలుపెడుతుంది. పాత కంప్యూటర్‌లో ఆ అనుమతి ఎప్పుడో నమోదైపోయింది. కొత్తదానికి అనుమతి ఇవ్వవలసిన సర్వర్‌నే తీసేశారు. జీవితకాలమంటే కొన్నవారి జీవితమో, ఆ సర్వర్ జీవితమో అట్ట మీద ఎవరూ రాయరు.

సర్వర్‌ను మూసినా కొన్నవారికి దారి చూపడం అసాధ్యమేమీ కాదు. 2005లో విడుదలైన క్రియేటివ్ సూట్ 2 అనే, బొమ్మలూ పేజీలూ తయారుచేసే ప్రోగ్రామ్‌ల కట్టకు యాక్టివేషన్ సర్వర్లను మూసినప్పుడు దాని తయారీ కంపెనీ అడోబీ, యాక్టివేషన్ అడగని ఇన్‌స్టాలర్‌నూ (ప్రోగ్రామ్‌ను కంప్యూటర్‌లో ఎక్కించే ఫైలునూ), దానికి సరిపోయే సీరియల్ నంబర్లనూ పాత కొనుగోలుదారుల కోసం అందుబాటులో ఉంచింది. కాబట్టి ‘సపోర్టు కావాలి’ అని కాకుండా ‘యాక్టివేషన్ అవసరం లేని ఇన్‌స్టాలర్ ఇవ్వండి’ అని, కొన్నప్పటి రసీదు జతచేసి మళ్లీ రాయండి. యాక్టివేషన్‌ను దొంగదారిన తప్పించే, ఇంటర్నెట్‌లో దొరికే ‘క్రాక్’ ఫైళ్ల జోలికి మాత్రం వెళ్లవద్దు. వాటి వెంట వైరస్‌లు రావడం మామూలే.

న్యాయం మాటకొస్తే, ఒప్పందపత్రాల్లో చాలావరకు ‘అమ్మకం’ అని ఉండదు, ‘వాడుకునే అనుమతి’ అనే ఉంటుంది. 2010లో సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆటోడెస్క్ కేసులో అమెరికా అప్పీలు కోర్టు ఈ వాదనను అంగీకరించింది. 2012లో సాఫ్ట్‌వేర్ కంపెనీ ఒరాకిల్‌కూ, వాడిన లైసెన్సులను తిరిగి అమ్మే యూజ్డ్‌సాఫ్ట్‌కూ మధ్య నడిచిన కేసులో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం మాత్రం, ఒకేసారి డబ్బు తీసుకుని కాలపరిమితి లేని లైసెన్సు ఇస్తే అది అమ్మకమేనంది. రెండూ పాత కాపీలను తిరిగి అమ్ముకోవడం గురించిన కేసులే కనుక మూసిన సర్వర్‌ను అవి తెరిపించలేవు. రెండో తీర్పే నాకు సబబుగా తోస్తుంది.

ఇంతకూ మీ ఆస్తి సీడీలో లేదు, అటక మీద ఉంది. పాత కంప్యూటర్‌ను దించి, ఇంటర్నెట్‌కు కలపకుండా ఆన్ చేసి, ముందు హార్డ్‌డిస్క్ మొత్తానికి ఒక నకలు తీయండి. తరువాత ప్రతి పుస్తకాన్నీ పీడీఎఫ్‌గా భద్రపరచండి. పీడీఎఫ్‌లో పేజీ రూపం చెదరదు కానీ దిద్దుబాట్లు కష్టం. అందుచేత అక్షరభాగాన్ని, చాలా ప్రోగ్రామ్‌లు తెరవగల ఆర్‌టీఎఫ్ ఫైలుగా, బొమ్మలను వేరే ఫైళ్లుగా కూడా దాచుకోవాలి. పాత ఫార్మాట్లలో కొన్నిటిని, ఉదాహరణకు పేజీలు అమర్చే పాత ప్రోగ్రామ్ పేజ్‌మేకర్ ఫైళ్లను, ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ అనే ఆఫీసు ప్రోగ్రామ్ తెరుస్తుంది, అయితే అమరిక కొంత చెదరవచ్చు. పాత డిస్క్‌ను వర్చువల్ మెషీన్‌లోకి, అంటే కొత్త కంప్యూటర్ లోపల ప్రోగ్రామ్‌గా నడిచే నమూనా కంప్యూటర్‌లోకి, మార్చుకోమని కొందరు సలహా ఇస్తారు. యాక్టివేషన్ దాన్ని కూడా కొత్త కంప్యూటర్‌గానే లెక్కించే అవకాశం ఉంది కనుక, ఫైళ్లు బయటికి తీసేదాకా ఆ ప్రయోగం వద్దు.

ప్రశ్న: విండోస్ 7 ఉన్న కంప్యూటర్‌లో లెక్కలు రాసుకుంటున్నాను. దానికి ఇంటర్నెట్ లేదు. మార్చక తప్పదా?

జవాబు: వెంటనే మార్చనవసరం లేదు. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2020 జనవరి 14తోనే ముగిసింది కాబట్టి, ఆ తరువాత బయటపడిన లోపాలు అందులో అలాగే ఉండిపోయాయి. నెట్ లేకపోయినా పెన్‌డ్రైవ్ ద్వారా వైరస్ రాగలదు. లెక్కల నకలు తీయడానికి ఒక పెన్‌డ్రైవ్‌ను ప్రత్యేకించి, దాన్ని మరే కంప్యూటర్‌కూ పెట్టకండి.