ఆగస్టు నుంచి ఆగస్టు దాకా: అర్బానా-షాంపేన్‌లో ఎం.ఎస్. విద్యార్థి బతుకు లెక్కలు

మీరు అడిగింది ఇది: ఈ ఆగస్టులో యూనివర్సిటీ ఆఫ్ ఇల్లినాయ్‌లో ఎం.ఎస్.లో చేరుతున్నారు, అసిస్టెంట్‌షిప్ (చదువుకుంటూ యూనివర్సిటీలోనే చేసే జీతం పని) ఇంకా దొరకలేదు, కారు కొనే ఉద్దేశం లేదు. ఇల్లు ఎక్కడ తీసుకోవాలి, రాకముందు ఏమేం చూసుకోవాలి?

ముందుగా ఒక మాట గుర్తుపెట్టుకోండి. ఈ ఊరు విద్యాసంవత్సరం చుట్టూ తిరుగుతుంది. ఇళ్ళ లీజులు, బస్సులు, జీతాలు, పాత సామాన్ల అమ్మకాలు అన్నీ ఆగస్టులో ఊపందుకుంటాయి, మే నెలకి ఊరు సద్దుమణుగుతుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మీ బంధువులు ‘వచ్చాక చూసుకోవచ్చులే’ అంటారు. వాళ్ళ ఊళ్ళో అది కుదురుతుంది, ఇక్కడ కుదరదు.

ఇంటి సంగతితో మొదలుపెడదాం. ఇక్కడి అద్దె కంపెనీలు వచ్చే ఆగస్టుకి ఇచ్చే ఇళ్ళకి ముందటి సెప్టెంబరు, అక్టోబరుల్లోనే సంతకాలు మొదలుపెడతాయి. మీకు అడ్మిషన్ వచ్చేది మార్చిలోనో ఏప్రిల్‌లోనో కాబట్టి అప్పటికి మంచివి చాలావరకు అయిపోయి ఉంటాయి. ఇక మిగిలే దారులు మూడు. యూనివర్సిటీ వాళ్ళ ఇళ్ళు, ఎవరైనా వదిలేసిన గదిని సబ్‌లీజుకి తీసుకోవడం, కంపెనీల దగ్గర ఇంకా మిగిలినవి. యూనివర్సిటీవి కావాలంటే పీజీ విద్యార్థులకి షెర్మన్, డేనియల్స్ హాళ్ళు ఉన్నాయి. కుటుంబంతో వచ్చేవాళ్ళు ఎక్కువగా ఆర్చర్డ్ డౌన్స్ చూస్తారు.

ప్రాంతం ఎంచుకునేటప్పుడు ఊరి పేరు చూడకండి, మీ డిపార్ట్‌మెంట్ భవనం ఎక్కడుందో చూడండి. ఇవి ఆనుకుని ఉన్న జంట ఊళ్ళు: రైట్ స్ట్రీట్‌కి పడమర షాంపేన్, తూర్పు అర్బానా. క్యాంపస్ రెండింట్లోనూ ఉంది. కంప్యూటర్ సైన్స్ వాళ్ళ సీబెల్ సెంటర్ అర్బానా వైపు, గుడ్విన్ అవెన్యూలో, ఉత్తరం కొసన ఉంటుంది. బిజినెస్ కాలేజీ షాంపేన్ వైపు, దక్షిణాన. వ్యవసాయ విభాగాలు ఇంకా దక్షిణానికి. గ్రీన్ స్ట్రీట్ చుట్టుపక్కల హోటళ్ళూ దుకాణాలూ అన్నీ దగ్గరే గాని, అద్దె ఎక్కువ, శుక్ర, శనివారాల్లో అర్ధరాత్రి దాటినా గోల తగ్గదు. లింకన్ అవెన్యూకి తూర్పున ఉన్న వెస్ట్ అర్బానా వీధులు ప్రశాంతంగా ఉంటాయి, పెద్ద పెద్ద చెట్లు, పాత ఇళ్ళు. చదువుకోవడానికి వచ్చినవాళ్ళకి నేనైతే ఈ వైపే చెప్తాను. కాకపోతే పాత ఇల్లంటే హీటింగ్ సంగతి తప్పకుండా అడగాలి, అది కింద చెప్తాను.

లీజు చేతికొచ్చాక మొట్టమొదట చూడాల్సింది అది ఉమ్మడి లీజా, ఎవరి గదికి వాళ్ళ లీజా అన్నది. ఉదాహరణకి నలుగురు కలిసి నెలకి 2,400 డాలర్ల ఇల్లు ఉమ్మడిగా తీసుకున్నారనుకోండి, మనిషికి 600. డిసెంబరులో ఒకరు చదువు మానేసి వెళ్ళిపోతే కంపెనీ ఆ 600 కోసం మిగతా ముగ్గురి మీదే పడుతుంది, అంటే తలా 800. మీరు మీ వాటా కట్టేశామన్నా చెల్లదు. ముఖపరిచయం లేని రూమ్మేట్లతో వాట్సాప్ గ్రూపులో కలిసి ఉమ్మడి లీజు మీద సంతకం పెట్టేముందు ఈ లెక్క వేసుకోండి. గదికొక లీజు అయితే ఈ బాధ ఉండదు, కాకపోతే అద్దె కొంచెం ఎక్కువ పడుతుంది.

సబ్‌లీజు తీసుకుంటే అసలు లీజు కాపీ అడిగి చదవండి, ఇంటి యజమాని అనుమతి రాతపూర్వకంగా ఉందో లేదో చూడండి. వీడియో కాల్‌లో లోపలి గదులు మాత్రమే చూపిస్తే సరిపోదు. వీధిలోంచి ఇంటి నంబరు చూపిస్తూ, తాళం తీసి లోపలికి నడవమనండి. ఫొటోలు ఎవరివైనా పెట్టొచ్చు, ఆ తాళం మాత్రం ఉన్నవాళ్ళే తీయగలరు. అది చూడకుండా ఒక్క డాలరు కూడా పంపకండి. ఏ లీజైనా సంతకానికి ముందు యూనివర్సిటీలోని ఆఫ్-క్యాంపస్ కమ్యూనిటీ లివింగ్ వాళ్ళకి పంపిస్తే ఉచితంగా చదివి చెప్తారు. ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు), క్రెడిట్ చరిత్ర లేనివాళ్ళని కొన్ని కంపెనీలు కోసైనర్‌ని (అద్దెకి పూచీ ఉండే మనిషిని) గాని, కొన్ని నెలల అద్దె ముందుగా గాని అడుగుతాయి. దానికీ డబ్బు పక్కన పెట్టుకోండి.

ఇంకొకటి, ఆగస్టు సందు. చాలా లీజులు ఆగస్టు మొదటి పక్షంలో ముగుస్తాయి, కొత్తవి నెల మధ్యలో ఆ తర్వాతా మొదలవుతాయి. మధ్యలో కొన్ని రోజులు ఊళ్ళో సగం మందికి ఇల్లు ఉండదు. మీ విమానం టికెట్ కొనేముందు లీజు మొదలయ్యే తేదీ చూసుకోండి, ఇంటి తాళాలు ఆ రోజు ఏ గంటకి ఇస్తారో కూడా అడగండి.

ఆ రోజుల్లో వీధి పొడుగునా మంచాలు, సోఫాలు, బల్లలు పడేసి ఉంటాయి. చెక్క బల్లలు, ఇనుప ర్యాకులు తుడిచి తెచ్చుకోవచ్చు. పరుపు, సోఫా, గుడ్డ కుర్చీ మాత్రం ఎంత కొత్తగా ఉన్నా ముట్టుకోకండి, నల్లుల భయం. కొని తెచ్చుకున్న పాత పరుపైనా సరే, కుట్ల వెంట, మూలల్లో ఫోన్ లైటుతో వెతకండి. మిరియపు పొడి చల్లినట్టు నల్ల చుక్కలు కనబడితే గుమ్మం దాటనివ్వకండి. యూనివర్సిటీ వైఎంసీఏ వాళ్ళు విద్యార్థులు వదిలేసిన సామాన్లు పోగుచేసి ఆగస్టులో ‘డంప్ అండ్ రన్’ పేరుతో అమ్ముతారు. గిన్నెలు, టేబుల్ ల్యాంపులు, బల్లలు చవగ్గా దొరుకుతాయి.

ఇంట్లో దిగిన రోజే ప్రతి గోడా, కార్పెట్టూ, కిటికీ తెరా, ఓవెన్ లోపలా ఫొటోలు తీసి యజమానికి ఈమెయిల్ చేసేయండి, తేదీ దానంతటదే పడుతుంది. కరెంటు చుట్టల స్టవ్ అయితే ప్రతి చుట్ట కింద ఒక రేకు పళ్ళెం ఉంటుంది. చారు పొంగి మాడేది అందులోనే, ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో కోత పెట్టేదీ దానికే. కొత్తవి దుకాణంలో కొన్ని డాలర్లకే వస్తాయి, వెళ్ళేముందు మార్చేయండి. అయిదు లేదా అంతకన్నా ఎక్కువ ఇళ్ళున్న భవనమైతే ఇల్లినాయ్ చట్టం ప్రకారం డిపాజిట్‌లో కోతలు ఏవేవో 30 రోజుల్లో రాసివ్వాలి, రాసివ్వకపోతే 45 రోజుల్లో మొత్తం తిరిగివ్వాలి. మీ కొత్త చిరునామా రాతలో ఇచ్చి వెళ్ళడం మర్చిపోవద్దు. పేచీ వస్తే క్యాంపస్‌లో స్టూడెంట్ లీగల్ సర్వీసెస్ ఉంది.

హీటింగ్: గోడ అంచున పొడుగ్గా ఉండే కరెంటు హీటర్లా, గ్యాస్ ఫర్నేసా అని అడగండి. కరెంటువైతే జనవరి, ఫిబ్రవరి బిల్లులు చూసి గుండె ఆగుతుంది. ఇక్కడ కరెంటు, గ్యాస్ సరఫరా చేసేది అమెరన్ ఇల్లినాయ్. ఇంట్లో అంతకుముందు ఉన్నవాళ్ళ జనవరి బిల్లు చూపించమనండి, సగటు కాదు. పాత కిటికీలకి హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే ప్లాస్టిక్ పొర అతికించి హెయిర్ డ్రయ్యర్‌తో బిగిస్తే చలిగాలి చాలావరకు ఆగుతుంది. థర్మోస్టాట్ 68 ఫారెన్‌హీట్ దగ్గర పెట్టుకోండి, అంటే 20 సెల్సియస్. డిసెంబరు సెలవులకి ఊరెళ్తూ బిల్లు మిగులుతుందని హీటర్ ఆపేశారో, గోడల్లో నీళ్ళు గడ్డకట్టి పైపులు పగులుతాయి, ఆ ఖర్చు మీ నెత్తిన పడుతుంది. 60 దగ్గర వదిలి వెళ్ళండి. మైనస్ 20 సెల్సియస్‌కి దిగే రోజుల్లో సింకు కింది అరల తలుపులు తెరిచిపెట్టి, కుళాయి సన్నటి ధారగా వదలండి.

వంటకి వస్తే, మైక్రోవేవ్ కింద ఉండే ఫ్యాన్ చాలా ఇళ్ళలో పొగని బయటికి పంపదు, అదే గాలిని జాలీలోంచి తిప్పి మళ్ళీ గదిలోకే వదులుతుంది. పైనున్న సందుల దగ్గర చిన్న కాగితం పెట్టి చూడండి, ఎగిరిందంటే మీదీ అదే రకం. అలాంటి ఇంట్లో ఎండుమిరపకాయల పోపు పెట్టాలంటే కిటికీ తీసి, ముందుగా మూత సిద్ధంగా పెట్టుకుని, ఆవాలు చిటపటలాడగానే మిరపకాయలు వేసి మూసేయాలి. పొగ అలారానికి కవరు కట్టడం మాత్రం వద్దు, ప్రాణాల మీదికొస్తుంది, లీజుకి కూడా విరుద్ధం. చుట్టల స్టవ్ ఆపినా చాలాసేపు ఎర్రగా కాలుతూనే ఉంటుంది. మూడో కూతకి స్విచ్ ఆపితే నాలుగూ అయిదూ కూడా వచ్చి పప్పు అడుగంటుతుంది, కుక్కర్‌ని పక్క చుట్ట మీదికి జరపాలి. గుండ్రటి అడుగు మూకుడు దీని మీద నిలవదు, చదును అడుగున్నవే తెచ్చుకోండి. కుక్కర్ గ్యాస్కెట్లు రెండు అదనంగా పెట్టుకోండి. 230 వోల్టుల మిక్సీ ఇక్కడి 120 వోల్టులకి పనికిరాదు. బరువైన ట్రాన్స్‌ఫార్మర్ కొనేకన్నా ఇక్కడి కరెంటుకి చేసిన (110 వోల్టులది అని అమ్మే) ఇండియన్ మిక్సీ ఇక్కడే కొనుక్కోవడం మేలు. సోనా మసూరి 20 పౌండ్ల సంచి అంటే 9 కిలోలు. పూటకి 150 గ్రాముల బియ్యం చొప్పున రెండు పూటలా అన్నమే తినే మనిషికి సరిగ్గా నెల. శీతాకాలంలో పెరుగు బయట పెడితే తోడుకోదు, ఓవెన్ ఆపే ఉంచి లోపలి బల్బు మాత్రం వేసి అందులో పెట్టండి.

కారు లేకుండా హాయిగా బతకొచ్చు. ఇక్కడి ఎంటీడీ బస్సుల ఖర్చు మీ ఫీజుల్లోనే కలిసి ఉంటుంది, ఐ-కార్డు (యూనివర్సిటీ గుర్తింపు కార్డు) చూపిస్తే చాలు. అయితే రెండు విషయాలు. రాత్రిళ్ళూ శని, ఆదివారాలూ నంబర్లు మారతాయి, పగటి 22 ఇల్లినై బస్సు రాత్రి 220 అవుతుంది, దారిలో కూడా తేడాలుంటాయి. యూనివర్సిటీకి సెలవులిస్తే క్యాంపస్ బస్సులు బాగా తగ్గిపోతాయి. కాబట్టి ఇల్లు ఎంచుకునేటప్పుడు ఫోన్ మ్యాప్‌లో డిసెంబరు ఆఖరి వారం తేదీ పెట్టి, ఇంటి నుంచి కిరాణా దుకాణానికి బస్సు చూపిస్తుందో లేదో చూడండి. చికాగోకి ఇల్లినాయ్ టెర్మినల్ నుంచి రోజుకి మూడు ఆమ్‌ట్రాక్ రైళ్ళున్నాయి: ఇల్లినై, సలూకీ, సిటీ ఆఫ్ న్యూ ఆర్లియన్స్. ఓహేర్ విమానాశ్రయానికి నేరుగా కోచ్ బస్సులున్నాయి. థాంక్స్‌గివింగ్ టికెట్లు అక్టోబరులోనే కొనేయండి. అన్నట్టు, నెల మొదటి మంగళవారం ఉదయం 10 గంటలకి సైరన్ మోగితే కంగారు పడకండి, టోర్నడో హెచ్చరిక పరీక్ష అది. వేరే ఏ రోజు మోగినా మాత్రం కిటికీలు లేని కింది గదికి వెళ్ళిపోవాలి.

ఇక అసిస్టెంట్‌షిప్. మీ బడ్జెట్ మొత్తం దీని మీదే ఆధారపడుతుంది కాబట్టి జాగ్రత్తగా చదవండి. 25 నుంచి 67 శాతం మధ్య నియామకం ఉండి, సెమిస్టర్‌లో కనీసం 91 రోజులు పనిచేస్తేనే ట్యూషన్ మాఫీ వస్తుంది. 50 శాతం అంటే వారానికి 20 గంటలు, తరగతులు జరిగే రోజుల్లో ఎఫ్-1 వీసా మీద అదే గరిష్ఠం. మధ్యలో మానేసి 91 రోజులు నిండకపోతే ఫీజు మీద పడుతుంది. కొన్ని సెల్ఫ్-సపోర్టింగ్ (విద్యార్థుల ఫీజులతోనే నడిచే) కోర్సులకి ఈ మాఫీ అసలు వర్తించదు, మీ కోర్సు ఏదో ముందే డిపార్ట్‌మెంట్‌ని అడగండి. సొంత డిపార్ట్‌మెంట్‌లోనే వెతుక్కుంటూ కూర్చోవద్దు. గ్రాడ్యుయేట్ కాలేజీ వాళ్ళ అసిస్టెంట్‌షిప్ క్లియరింగ్‌హౌస్ జాబితా రోజూ చూడండి, కోడింగ్, డేటా పని వచ్చినవాళ్ళని వ్యవసాయం, విద్య, లైబ్రరీ విభాగాలు కూడా తీసుకుంటాయి. టీఏ (టీచింగ్ అసిస్టెంట్) కావాలంటే ఇంగ్లిష్ మాట్లాడే పరీక్ష ఉంది: ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌లో 8, లేదా టోఫెల్ స్పీకింగ్‌లో పాత 30 మార్కుల లెక్కలో 24. అంత రాకపోతే ఇక్కడికొచ్చాక ఈపీఐ అనే ఇంటర్వ్యూ ఇవ్వొచ్చు.

మామూలు నియామకం ఆగస్టు 16 నుంచి మే 15 దాకా, తొమ్మిది నెలలు. జీతం ప్రతి నెలా 16న పడుతుంది కాబట్టి మొదటిది చేతికొచ్చేది సెప్టెంబరు 16. ఈలోగా అద్దె, డిపాజిట్, పరుపు, కోటు, ఎస్ఎస్ఎన్ అన్నీ అయిపోవాలి. చేతిలో కనీసం రెండు నెలల ఖర్చు లేకుండా విమానం ఎక్కకండి. లీజేమో పన్నెండు నెలలు, జీతమేమో తొమ్మిది నెలలు. వేసవి మూడు నెలల అద్దెని ఆ తొమ్మిది నెలల జీతంలోంచే మిగల్చాలి. మే నెలలో అందరూ గదులు సబ్‌లీజుకి పెడతారు, అప్పుడు సగం అద్దెకి కూడా మనిషి దొరకడం కష్టం. ఇంటర్న్‌షిప్ ఖాయమైన రోజే మీ గది గురించి పోస్టు పెట్టండి.

బయల్దేరేముందు ఇంటి దగ్గరే చేసుకోవాల్సిన పని టీకాలు. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా టీకా) రెండు డోసులు, మధ్య కనీసం 28 రోజులు ఎడం ఉండాలి, అంటే జూన్‌లోనే మొదలుపెట్టాలి. ధనుర్వాతం-కంఠసర్పి-కోరింతదగ్గు టీకాల రికార్డు, 22 ఏళ్ళలోపు వాళ్ళకి మెనింజైటిస్ టీకా కూడా కావాలి. డాక్టరు సంతకం, ముద్ర ఉన్న కాగితం మెకిన్లీ హెల్త్ సెంటర్‌కి ముందే పంపేయండి, లేకపోతే తర్వాతి సెమిస్టర్ రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది. ఇక పన్ను. జీతం రాకపోయినా ఫారం 8843 జూన్ 15లోగా వేయాలి. జీతం వస్తే ఏప్రిల్ 15లోగా దాన్నీ, నాన్‌రెసిడెంట్ల పన్ను ఫారం 1040-ఎన్ఆర్‌నీ కలిపి వేయాలి. అందులో భారత్-అమెరికా పన్ను ఒప్పందం ఆర్టికల్ 21(2) కింద మన విద్యార్థులకి స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో కొంత భాగానికి పన్ను మినహాయింపు) దక్కుతుంది, వేరే చాలా దేశాల వాళ్ళకి అది లేదు. మామూలుగా అందరూ వాడే టాక్స్ సాఫ్ట్‌వేర్‌తో 1040 వేసేస్తే తప్పవుతుంది, నాన్‌రెసిడెంట్ల కోసం ఉన్నదే వాడండి.