పాత బెంజా, ఆక్టేవియా ఆర్‌ఎస్సా?

ప్రశ్న: దాచుకోవడానికి ఒక పాత కారు కొనాలనుంది. 1995 మెర్సిడెస్ ఈ220, 2005 స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ చూశాను. ధర ఇంచుమించు ఒకటే. ఏది తీసుకోమంటారు?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: కారును ఎన్నాళ్లకోసారి బయటికి తీస్తారో ముందు తేల్చుకోండి. పండక్కో, పెళ్లికో తప్ప తీయనంటే బెంజే మేలు. ప్రతి ఆదివారం నార్కట్‌పల్లి దాకానైనా నడుపుతానంటే ఆర్‌ఎస్ తీసుకోండి.

కాగితం మీద రెండూ 150 హార్స్‌పవర్, 210 న్యూటన్ మీటర్ల టార్కే (చక్రాలను తిప్పే బలం). కానీ ఆర్‌ఎస్‌లో ఇంజిన్‌లోకి గాలిని బలంగా తోసే టర్బో ఉంది కాబట్టి ఆ టార్కంతా 1,750 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గరే అందుతుంది. బెంజ్‌లో అది 4,000 దగ్గర వస్తుంది. నడిపే సరదా ఆర్‌ఎస్‌దే, అందులో అనుమానం లేదు.

నిలబెడితేనే చిక్కు. ఆర్‌ఎస్ ఇంజిన్‌కు వాల్వులను సరైన సమయానికి తెరిచి మూయించే టైమింగ్ బెల్టు ఉంటుంది. బండి కదలకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ ఆ రబ్బరు పగుళ్లిస్తుంది. తెగిందంటే పిస్టన్లు తగిలి వాల్వులు వంగుతాయి, ఉన్నవేమో ఇరవై. పాత యజమాని దగ్గర బిల్లు లేకపోతే బెల్టు, టెన్షనర్, రోలర్, వాటర్ పంపు అన్నీ ఒకేసారి మార్పించండి. బెంజ్‌లో ఆ పని చేసేది ఇనుప చైను, దానికి ఈ భయం లేదు.

బెంజ్‌లో చూడాల్సింది వైరింగ్. 1992-95 మధ్య తయారైన ఇంజిన్ హార్నెస్‌లలో (వైర్ల కట్టల్లో) వైరు తొడుగు వేడికి ఎండిపోతుంది. ఇంజిన్ చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీసి, ఇంజెక్టర్ల దగ్గరి వైరును వేళ్లతో మెల్లగా వంచి చూడండి. తొడుగు ఎండిన చెట్టు బెరడులా పెళ్లలుగా రాలి రాగి కనిపిస్తే హార్నెస్ పోయినట్టే. ఇంజిన్ కుదుపులతో నడవడంతో మొదలై, షార్టయితే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ దాకా కాలిపోతుంది. టేపు చుట్టించి సరిపెట్టొద్దు, మొత్తం కొత్తది వేయించాలి. ఆ ఖర్చు తగ్గించే బేరమాడండి. ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే థ్రాటిల్ యాక్చుయేటర్ లోపలి వైర్లదీ ఇదే జబ్బు, దాన్నీ విప్పించి చూడండి.

ఆర్‌ఎస్ పేరుతో డీజిల్ ఆక్టేవియాకు బ్యాడ్జి అతికించి అమ్మజూస్తే మోసపోవద్దు. ఆర్‌సీలో పెట్రోల్, 1781 సీసీ అని ఉండాలి.

ఏది కొన్నా రేడియేటర్‌లో మన బోరు నీళ్లు పోయొద్దు. ఉప్పు పేరుకుని సన్నని గొట్టాలు పూడిపోతాయి, నల్లగొండ ఎండకు ఇంజిన్ ఇట్టే మరుగుతుంది. డిస్టిల్డ్ వాటర్ సగం, కూలెంట్ సగం కలిపి పోయండి.

ప్రశ్న: ఢిల్లీలో ఈ220 చాలా తక్కువకు ఇస్తామంటున్నారు. తెచ్చుకోవచ్చా?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: అక్కడ 15 ఏళ్లు దాటిన పెట్రోల్ కార్ల మీద ఆంక్షలున్నాయి, అందుకే ఆ ధర. వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు కారు వయసు 50 ఏళ్లు దాటాలి, దీనికి ఆ దారి లేదు. ముందు మీ ఆర్టీఏ ఆఫీసులో కారు వయసు చెప్పి, ఇక్కడ రిజిస్ట్రేషన్ అవుతుందో లేదో అడగండి. ఢిల్లీ రవాణా శాఖ ఇచ్చే ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) చేతికి రానిదే డబ్బు కట్టొద్దు. ఛాసిస్ నంబరును ఆర్‌సీతో అక్షరం అక్షరం సరిచూసుకోండి. మీ జిల్లాలోనే తిరిగిన ఏపీ 22 (మహబూబ్‌నగర్ పాత రిజిస్ట్రేషన్) నంబరు కారు దొరికితే కాస్త ఎక్కువ పెట్టయినా అదే కొనండి.