గౌతమి దిగి నేరుగా వండర్‌లాకి: సామాన్ల సంగతి

రాజమండ్రిలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, పొద్దున్నే సికింద్రాబాద్‌లో దిగి, అట్నుంచటే వండర్‌లా ఎమ్యూజ్‌మెంట్ పార్కుకి వెళ్తే నలుగురి బ్యాగులూ ఎక్కడ పెట్టాలని అడిగారు కదండీ. పెద్దవి స్టేషన్ క్లోక్‌రూమ్‌లో వదిలేయండి. టికెట్ చూపించాలి, ప్రతి బ్యాగుకీ తాళం ఉండాలి. తాళం లేక మా బావగారు తెల్లారకుండానే తాళంకప్ప కోసం స్టేషనంతా తిరిగారు!

పార్కులో అద్దెకిచ్చే లాకరు ఒక్కటి చాలు: పొడి బట్టలు, పర్సులు, ఫోన్లు. నీళ్ల రైడ్లకి నైలాన్ బట్టలు ఇంటి దగ్గరే సర్దుకోండి. లాకరు తాళంచెవి పిన్నీసుతో జేబు లోపలివైపు గుచ్చుకోండి, నీళ్లలో జారిపోదు.

బయటి తిండి లోపలికి రానివ్వరు. చుట్టాలకి తీసుకెళ్లే ఆత్రేయపురం పూతరేకులు పెద్ద బ్యాగులోనే ఉంచండి. అడుగున పెట్టారో, పొడే మిగుల్తుంది.