అండమాన్‌కు వెళ్లేముందు వెట్‌సూట్ కొని ఇంట్లో వేసి చూసుకోవడం మంచిదేనా?

స్కూబా డైవింగ్‌కు అండమాన్ వెళ్తున్నామని, అక్కడ వేసుకోవాల్సిన బిగుతు రబ్బరు సూటుతో నానా తిప్పలు పడాలని విన్నామని, ముందే ఒకటి కొని ఇంట్లో అలవాటు చేసుకుంటే ఎలా ఉంటుందని అడిగారు. నేను సరిగ్గా ఆ పనే చేశాను. హన్మకొండలో, ఏప్రిల్ చివరి వారంలో, మధ్యాహ్నం రెండు గంటలకు. కాబట్టి జవాబు చెప్పే అర్హత నాకు పుష్కలంగా ఉంది.

మే మూడో వారంలో రుతుపవనాలు అండమాన్‌ను తాకుతాయి కనుక అంతకు ముందే వెళ్లి రావాలని నేను, నా భార్య, మా బావమరిది అనుకున్నాం. అద్దె సూట్లు వేసుకున్నవాళ్లలో కొందరు నీటి అడుగున వాటిలోనే మూత్రం కానిచ్చేస్తారని బావమరిది ఎక్కడో చదివి వచ్చి చెప్పాడు. ఆ మాట విన్నాక అద్దె సూటుకు నా మనసొప్పలేదు. మూడు మిల్లీమీటర్ల మందంతో, మెడ నుంచి చీలమండల దాకా వచ్చేది ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. కొలతల పట్టికలో ఛాతీ కొలత నిజాయితీగానే ఇచ్చాను. నడుము దగ్గర మాత్రం పదేళ్ల కిందటి అంకె వేశాను. పిల్లలకు లెక్కలు చెప్పే వృత్తిలో ఉండి అలా చేయకూడదు.

సూటుకు ఒకే ఒక జిప్పు, దాని కొసన మూరెడు తాడు. ఆ తాడు ఎందుకు పెట్టారో అప్పుడే ఆలోచించి ఉండాల్సింది. షర్టుకు గుండీలు ముందే, ప్యాంటుకు జిప్పు ముందే. నలభై ఆరేళ్ల అలవాటు. ఇదీ ముందుకే అనుకుని కాలు పెట్టాను. చీలమండ దగ్గరే ఆగిపోయింది. టాల్కం పౌడరు చల్లుకుంటే సులువని ఎవరో రాశారు గదా అని ఒళ్లంతా చల్లుకున్నాను. చెమటతో కలిసి అది సకినాలకు తడిపిన పిండిలా తయారైంది. గోళ్లతో పట్టి లాగితే రబ్బరు మీద నెలవంకల్లాంటి చిన్న చిన్న గాట్లు పడ్డాయి. గోరు తగలకుండా వేళ్ల మెత్తటి భాగంతో కొంచెం కొంచెంగా చిటికెలు పట్టి పైకి తేవాలట, అది తర్వాత తెలిసింది. మొల దాకా ఎక్కేసరికి ఇరవై నిమిషాలు, భుజాల దాకా మరో ఇరవై.

జిప్పు గడ్డం వరకు లాగి అద్దంలో చూసుకున్నాను. మోకాలి చిప్పల మీద ఉండాల్సిన మందపాటి అతుకులు కాలి వెనక మడతల్లో ఉన్నాయి. మోకాళ్లు వంగడం లేదు. వీపు దగ్గర సంచిలా వేలాడుతోంది, పొట్ట దగ్గర డోలు చర్మంలా బిగిసింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి కూలర్ ఆగింది.

జిప్పు దించి భుజాలు వెనక్కి వదిలించుకున్నాను. సూటు చేతులు తిరగబడి మణికట్టు దాకా వచ్చి ఆగిపోయాయి. చేతి గడియారం తీయడం మరిచాను మరి. పెడరెక్కలు విరిచి కట్టిన దొంగలా రెండు చేతులూ వీపు వెనక, వేళ్లు రబ్బరు లోపల. నా భార్య ఆఫీసులో ఉంది. వసారాలో ముంజలు ఒలుస్తున్న అమ్మను కేక వేశాను. వచ్చి చూసి, "ఇదేమిటి బిడ్డా, ఎవరు కట్టేశారు నిన్ను?" అంది.

ఇంతలో గ్యాసు సిలిండరు వచ్చింది. ఇప్పుడు ఫోనుకు వచ్చిన అంకెలు చెబితేగాని సిలిండరు ఇవ్వరు కదా. ఫోను తెరవడానికి వేలిముద్ర కావాలి. వేళ్లేమో సూటులో ఉన్నాయి. అమ్మకు ఫోను చేయడం, ఎత్తడం తప్ప మరొకటి రాదు. చివరికి నా ఫోను తాళం నాలుగంకెలూ సిలిండరు తెచ్చిన కుర్రాడికి పైకి చదివి చెప్పాను. తనే ఫోను తెరిచి, మెసేజ్ వెతుక్కుని, కోడ్ రాసుకున్నాడు. పోతూ పోతూ, "సార్, ఏదైనా నాటకం రిహార్సలా?" అని చాలా మర్యాదగా అడిగాడు. అవునన్నాను.

బయటపడే దారి చూపింది అమ్మే. "పొడి చేతికి ఎవరైనా గాజు ఎక్కిస్తారా? సబ్బు నీళ్లు రాసి, చెయ్యి నలిపి ఎక్కిస్తారు. తీసేటప్పుడూ అంతే" అని స్నానాల గదిలో పీట మీద కూర్చోబెట్టింది. పైన ట్యాంకు నీళ్లు అప్పటికే కాగుతున్నాయి. తాగడానికి నింపిన కుండలోని చల్లటి నీళ్లే చెంబుతో తెచ్చి మణికట్టు దగ్గర పోసింది. రెండు చెంబులు పోసేసరికి రబ్బరుకూ చర్మానికీ మధ్య నీళ్లు దిగాయి. గడియారం మీదుగా చెయ్యి జారి బయటికి వచ్చింది. రెండోదీ వచ్చింది. కాళ్ల సంగతి చెప్పాలి. ముంజ తొక్క తీసేటప్పుడు బొటనవేలు సందులో పెట్టి తిప్పుతారు చూడండి, అలాగే చీలమండ దగ్గర బొటనవేళ్లు రెండూ లోపలికి దూర్చి, నీళ్లు పోసి, తిప్పుతూ లాగింది. నలభై నిమిషాల్లో ఎక్కినది నాలుగు నిమిషాల్లో ఊడింది. తర్వాత ఏమీ జరగనట్టు వెళ్లి ముంజల ముందు కూర్చుంది.

అమ్మ పట్టుకున్న సూత్రం, ఆ సూటు తయారీలో ఉన్న సూత్రం ఒక విధంగా ఒకటే. ఈ సూట్లు కుట్టే నియోప్రీన్ రబ్బరును అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ 1930లో తయారు చేసింది. 1950ల మొదట్లో అక్కడి బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న భౌతిక శాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్, ఈతగాడు వెచ్చగా ఉండాలంటే పొడిగా ఉండాల్సిన పని లేదని గ్రహించాడు. నురగలాంటి ఆ రబ్బరులో చిక్కుకున్న వాయువు బుడగలే వేడిని పోనివ్వవు. లోపలికి వచ్చిన పలుచటి నీటి పొర ఒంటి వేడికే వెచ్చబడుతుంది. సూటు వదులుగా ఉంటే ఆ నీళ్లు పోయి చన్నీళ్లు వస్తూనే ఉంటాయి, అందుకే అంత బిగువు. అంటే అది తడి ఒంటికి కుట్టిన బట్ట. దానికి చెమట చాలదు, నీళ్లే కావాలి. మా బావమరిది వ్యాసలీన్ రాద్దామన్నాడు. ఆ పని చేయకండి, పెట్రోలియం జిడ్డు రబ్బరుకు మంచిది కాదు.

ఇక అండమాన్‌లో మేం డైవింగ్‌కు వెళ్లిన హేవ్‌లాక్ దీవి సంగతి. 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు గానీ పడవవాళ్లు ఇప్పటికీ పాత పేరే అంటున్నారు. అక్కడ అద్దె సూట్లను క్రిమిసంహారిణి కలిపిన తొట్టిలో ముంచి కడిగి ఆరేయడం కళ్లారా చూశాక, నా సొంత సూటు సంచిలో నుంచి తీయనే లేదు. వాళ్లు సూటును తడిపి, కాళ్లకు ప్లాస్టిక్ కవర్లు తొడిగి, అడుగు జారేలా చేసి ఎక్కించారు. అయిదు నిమిషాల పని. తాడు వీపు వెనక జిప్పును మనమే లాక్కోవడానికట. నా భార్య జడను మెడపట్టీ పట్టేసుకుంటే విడిపించడానికే ఎక్కువ సేపు పట్టింది. జుట్టు పొడుగున్నవాళ్లు ముడి వేసుకుని వెళ్లండి.

అంతా తెలిసినవాడిలా మాట్లాడిన మా బావమరిది, పొట్టి చేతులూ పొట్టి కాళ్లూ ఉన్న సూటు అడిగి తీసుకున్నాడు. చేతులు రావాల్సిన చోట కాళ్లు పెట్టాడు. తొడల దగ్గర ఆగితే "సైజు చిన్నది" అని వాళ్లతో వాదనకు దిగాడు. సరిచేసి ఎక్కించేటప్పుడు కాలి కవరు చిరిగి ఒక ముక్క లోపలే ఉండిపోయింది. ఇసుకలో నడిచినంత దూరమూ కరకరమంటూనే ఉన్నాడు. విప్పేటప్పుడు మరీ ఘోరం. మొలతాడు సూటుతోపాటు చుట్టుకుపోయి, దాని వెంట లోపలి నిక్కరూ బయలుదేరింది. నేను తువ్వాలు అడ్డం పట్టకపోతే అక్కడున్న నలుగురు విదేశీయులకు మా వంశమర్యాద తెలిసిపోయేది. మొలతాడు ఉన్నవాళ్లు బిగుతైన ఈత నిక్కరు లోపలికి దోపుకోండి. గడియారం, కంకణం, గుడిలో కట్టిన దారం కూడా అడ్డమే.

నాకు వింతగా తోచింది మరొకటి. చిన్నప్పుడు మా ఊరి వ్యవసాయ బావిలో తేలడానికి నడుముకు బెండ్లు కట్టుకుని ఈత నేర్చుకున్నవాణ్ణి. ఇక్కడ మునగడానికి నడుముకు సీసం దిమ్మలు కట్టారు. ఎందుకంటే ఆ సూటే ఒక పెద్ద బెండు. లోతుకు పోయేకొద్దీ ఒత్తిడికి దాని బుడగలు నలిగి సన్నబడతాయి కాబట్టి తేల్చే గుణమూ తగ్గుతుంది. కొత్తవాళ్లను 12 మీటర్ల కంటే కిందికి తీసుకుపోరు. కిందున్నంతసేపూ బిగువు సంగతే గుర్తు రాలేదు. అక్కడి నీళ్లు మరీ చల్లగా ఉండవు, అయినా గాలి కంటే నీరు ఒంటి వేడిని పాతిక రెట్లు వేగంగా లాగేస్తుంది, పైగా పగడపు దిబ్బలు గీసుకుంటాయి. సూటు వద్దని మాత్రం అనకండి.

కొనాలా అంటే, ఏడాదికి ఒకసారి కూడా వెళ్లనివాళ్లకు అద్దెదే మేలు. అప్పటికీ కొనాలనిపిస్తే నాది ఉంది. ఒక్కసారే, అదీ తిరగేసి వేసుకున్నది. ఛాతీ నలభై అంగుళాలు, నడుము పట్టికలో ఉన్నట్టే నిజంగా ముప్పై నాలుగు ఉండాలి. తొడల దగ్గర నాలుగైదు గోటి గాట్లున్నాయి. ధర మాట్లాడుకుందాం.